ఆడపడుచు వంతు

చట్టములు కోర్టు మెట్లెక్కినవారికే గాని కాపురము చేసికొనువారి కెందుకని నేనును చాలకాలము తలచితిని. గత వేసవిలో మా ఆడపడుచు నాలుగేండ్ల కుమారుని చంకనిడుకొని, ఒక్క పెట్టెతో మా గుమ్మమున నిలిచిన నాటినుండి ఆ తలపు మారినది. ఆమె కాపురమున జరిగిన దంతయు వ్రాయుట నాకు ధర్మము గాదు. ఇక ఆ యింటికి తిరిగి పోజాలదని మాత్రము మాకు తెలిసినది.

మావారు ఉపాధ్యాయులు. నేను బడిలో చదివినది స్వల్పము. మా తండ్రిగారు ఇంటియొద్దనే పురాణములును, ప్రబంధములును చెప్పిరి. ధర్మశాస్త్రమును తెనుగు పద్యములలో చెప్పిన కేతన విజ్ఞానేశ్వరీయము కూడ వారి యొద్దనే వింటిని. అందుచేత చట్టమనిన నాకు భయము లేదు. ఆడపడుచును వెంటబెట్టుకొని బందరు పోయితిని. అచ్చట జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. 1987 నాటి చట్టమును బట్టి స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయుదురు. మాకు ఏర్పాటైన న్యాయవాది ఒక నడివయస్సు స్త్రీ. మా ప్రశ్నలన్నియు ఓపికతో వినెను.

మొదటి ప్రశ్న బిడ్డనుగూర్చి. “వీనిని నా యొద్దనుండి లాగుకొందురా?” అని అడుగునప్పుడు మా ఆడపడుచు గొంతు వణకెను. 1956 నాటి సంరక్షకత్వపు చట్టము తండ్రిని ముందు చెప్పినను, అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లి యొద్దనే యుండవలెనని కూడ చెప్పినది. అయిదు నిండగానే తండ్రికి అప్పగించి తీరవలెననుట వట్టిమాట. ఏ వయస్సునందైనను న్యాయస్థానము ముఖ్యముగా చూచునది బిడ్డ క్షేమమే.

రెండవది భరణము. విడాకులు పుచ్చుకొన్నగాని భరణము రాదని మా వీధిలో అందరును చెప్పిరి. అదియు నిజము గాదు. తన్ను తాను పోషించుకొనలేక, తగిన కారణముచేత వేరుగా నున్న భార్య, వివాహబంధము నిలిచియుండగనే తనకును బిడ్డకును భరణము కోరవచ్చును. మునుపు 125వ సెక్షనని వాడుకలో నున్నది 2024 జూలై 1 మొదలు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. తానున్న చోటనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. మధ్యంతర భరణమును భర్తకు నోటీసు అందిన అరువది దినములలో వీలైనంతవరకు తేల్చవలెను. దరఖాస్తు పెట్టిన నాటినుండియే భరణము లెక్కింపవలెనని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. పెద్దమనుష్యుల రాయబారములకై నెలలు గడపిన నష్టము మనదే యని దీనివలన తెలియుచున్నది.

మూడవది నగలు. అవి అత్తగారి బీరువాలో నున్నవి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున స్త్రీధనమును ఆరు విధములుగా చెప్పినదని నేనెరుగుదును. భర్త చేతిలో నున్నను అది భార్య సొత్తేయనియు, అతడు కాపరివాడు మాత్రమే యనియు సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పినదని ఆనాడే వింటిని. పెండ్లి ఫొటోలును, నగల కొట్టు రసీదులును వెదకి జాబితా వ్రాయుడని న్యాయవాది చెప్పెను.

విడాకుల మాట మా ఆడపడుచు ఇంకను నిశ్చయింపలేదు. ఉభయుల సమ్మతితోనైనచో ఏడాది వేరుగా నుండిన పిమ్మట దరఖాస్తు పెట్టి ఆరునెలలు ఆగవలెననియు, తగిన సందర్భమున ఆ ఆరునెలల గడువును న్యాయస్థానము తొలగింపవచ్చునని 2017లో తీర్పు వచ్చినదనియు తెలిసికొంటిమి.

ఇంతవరకు ప్రతి సమాధానమునకును నేను ఉత్సాహముతో తల యూపుచుంటిని. అప్పుడు న్యాయవాది తానే ఒక ప్రశ్న వేసెను. “పుట్టింట పిత్రార్జితమేమైన కలదా?”

నా నోట మాట రాలేదు.

కలదు. మూడెకరముల మాగాణి. మామగారు గతించిన పిదప పెదమామగారు ఒక విడుదల పత్రము వ్రాయించి తెచ్చిరి. “అమ్మాయికి పసుపు కుంకుమల క్రింద ఇవ్వవలసిన దిచ్చితిమి. సంతకము చేయించిన సరిపోవును” అనిరి. ఆ కాగితము నా బీరువాలోనే యున్నది. మా యిద్దరు కుమార్తెల చదువునకు ఆ పొలము కౌలే ఆధారము.

న్యాయవాది చెప్పుకొనిపోయెను. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 మొదలు అవివాహితలైన కుమార్తెలకు పిత్రార్జితమున హక్కు వచ్చినది. 2005 సెప్టెంబరు 9 మొదలు దేశమంతట వివాహితలకును వచ్చినది. ఆనాటికి తండ్రి జీవించి యుండవలెనను నియమము లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. పెండ్లికి పెట్టిన ఖర్చు ఈ హక్కును తుడిచివేయదు. మా అత్తగారి వంతు పోగా, అన్నకెంతయో చెల్లెలికిని అంతే.

తిరుగు బస్సులో ఆడపడుచు మెల్లగా నిట్లనెను: “అన్నయ్యకు కష్టము కలిగింపను, వదినా. ఆ కాగితముపై సంతకము చేసెదను.”

నాలో ఒక భాగము సంతోషించినది. దాచనేల? మరుక్షణముననే సిగ్గు వచ్చినది. తలదాచుకొనుటకు వచ్చినది గనుక ఆమె సంతకము చేయుదు ననుచున్నది. ఆమె అత్తవారింటి బీరువా తెరిపింపవలెనని బందరు వరకు పోయిన నేను, నా బీరువా తలుపు మూసి కూర్చుంటిని గదా!

ఆ రాత్రి మావారితో చెప్పితిని. వారు చాలసేపు మాటాడలేదు. “కౌలు తగ్గిన పిల్లల చదువు ఎట్లు?” అనిరి. “నేను కుట్టుపని మొదలు పెట్టెదను. రేపు మన పిల్లలకును ఇట్టి కాగితమే ఎవరైన చూపిన మీరేమందురు?” అంటిని. వారు లేచి బీరువా తాళము నా చేతి కిచ్చిరి.

ఆ పత్రమును ఆడపడుచు చేతిలో పెట్టి, “నీ కాళ్లపై నీవు నిలిచిన పిదప ఏమి చేయుదువో నీ యిష్టము. ఇప్పుడు మాత్రము సంతకము చేయకుము” అంటిని. ఆమె దానిని తన పెట్టె అడుగున దాచుకొనెను.

నగలలో కొన్ని తిరిగి వచ్చినవి. భరణపు దరఖాస్తు విచారణలో నున్నది. ఈ పంట కౌలులో తన వంతును ఆమె రెండుమారులు లెక్కించుకొని, బిడ్డ బడి రుసుము తానే కట్టి వచ్చినది. నేను కుట్టుమిషను కొంటిని.

సోదరీమణులారా, కూతురి కష్టమునకు చట్టము వెదకునట్లే ఆడపడుచు హక్కునకును వెదకుడు. ఒకమారు మీ బీరువా కూడ తెరచి చూడుడు.