పాడేటప్పుడు గొంతు ఎందుకు దాచుకోవాలి?

1985 జూలై 13, లండన్ వెంబ్లీ స్టేడియం. క్వీన్ అనే రాక్ బ్యాండ్ పాడుతుంటే వేలమంది ఒక్కసారిగా చేతులు పైకెత్తి చప్పట్లు కొడతారు. ఆ వీడియో చూసినప్పుడల్లా మా మంగంపేట గుర్తొస్తుంది. ఇక్కడ వారమంతా ముగ్గురాయి దుమ్ములో కష్టపడినోళ్లు ఆదివారం ఆరాధనకొస్తారు. పాట మొదలైతే మాత్రం చాలామందికి పెదాలు కదలడమే గానీ గొంతు పెగలదు. పాటగాణ్ణి చూసి అక్కడి జనం అంత ఉప్పొంగిపోతుంటే, మరణాన్ని గెలిచిన ప్రభువు ముందు మనకింత మొహమాటమెందుకు?

రాక్ లోకం సంగీతం మనకు పనికిరాదనే పెద్దలున్నారు. వాళ్ల భయం నాకర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. ఆ సంగీతం వేళ్లు చర్చిలోనే ఉన్నాయి. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని సువార్త పాటలు హోరెత్తించిన సిస్టర్ రోసెట్టా థార్ప్‌ను 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పోటీలో గెలిచిన మూడు గ్రామీ అవార్డులూ భక్తి పాటలకొచ్చినవే.

అసలు 150వ కీర్తన చదవండి. బూర, తంబుర, నాట్యం, పిల్లనగ్రోవి, గణగణమోగే తాళాలు, అన్నీ ఉన్నాయి. పౌలు సీలలైతే దెబ్బలు తిని, కాళ్లు బొండలో ఇరుక్కుని ఉండి కూడా అర్ధరాత్రి జైల్లో పాడారు. తోటి ఖైదీలు విన్నారు.

అయ్యగార్లకు నా మనవి ఒకటే. మన ఊళ్ల పలక డప్పును కూడా ఆరాధనలోకి రానివ్వండి. పిల్లలు చప్పట్లు కొడితే ఆపొద్దు. వెనక వరసలో కూర్చున్న అవ్వకు శ్రుతి తప్పినా సరే, గట్టిగా పాడనివ్వండి.