ముట్టుకోవద్దన్న మిషను

పదో తరగతిలో కంప్యూటరు గురించి నేను రాసిన జవాబులకి మార్కులు బాగానే వచ్చినయ్. మౌసు మాత్రం ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

అది 2003. మా హైస్కూల్లో ఒక గది కిటికీలకి తెరలు కట్టి, కింద పట్టా పరిచి కంప్యూటర్లు పెట్టారు. చెప్పులు బయట విడిచి రావాలని రూలు. ఊళ్ళో పిల్లలు విడిచి లోపలికి పోయేవాళ్ళు. మాదిగపల్లె నుంచి వచ్చే మా ముగ్గురు ఆడపిల్లలకి విడవడానికి చెప్పులేవీ? మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టినోడే. "కాళ్ళు కడుక్కునొచ్చి వెనక నిలబడండి. చూడండి, ముట్టుకోవద్దు, చెడిపోద్ది" అన్నాడు నేర్పించే ఆయన. కుర్చీలు ఎవరికి దక్కాయో చెప్పనక్కర్లేదు. ముట్టుకోవద్దన్న మాట మాకు కొత్తది కాదు. మంచినీళ్ళ బావికాడ, గుడికాడ విన్నదే. కరెంటుతో నడిచే వస్తువుకి కూడా అది వర్తిస్తదని అప్పుడే తెలిసింది.

దుమ్ము సంగతి అబద్ధం కాదు. లోపలి వేడిని బయటికి తోసే ఫ్యానుకి దుమ్ము పేరుకుంటే మిషను వేడెక్కి ఆగిపోవచ్చు. అయితే దుమ్ము కిటికీలోంచీ వస్తది, ఊళ్ళోవాళ్ళ కాళ్ళకీ ఉంటది. మౌసు నొక్కినంత మాత్రాన కంప్యూటరు చెడదనీ, తప్పు కొడితే కంట్రోలు, జెడ్ కలిపి నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చనీ, బీఈడీ అయ్యాక టౌన్లో డబ్బు కట్టి నేర్చుకునేదాకా నాకు తెలవదు. ఆ మొదటి రోజు చెయ్యి వణికి, బాణం గుర్తు తెర అంచుకి పోయి కనపడలేదు. చెడగొట్టాననుకుని లేచి నిలబడ్డా.

మా అమ్మది ఇంకో కథ. రేషన్ షాపులోకి వేలిముద్ర మిషను వచ్చాక, అమ్మ ఏ వేలు పెట్టినా సరిపోలడం లేదనే చెప్పేది. లైను మొత్తం చూస్తుండగా పది వేళ్ళూ పెట్టి, చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టి, ఖాళీ సంచితో తిరిగొచ్చింది. "నా వేళ్ళకి ఏం రోగమో" అంది. రోగం కాదమ్మా, ఆ మిషనుకి నువ్వెవరో తెలవదు, ముందు తీసి దాచిన గీతలతో ఇప్పటి గీతల్ని పోల్చడమే దాని పని అని చెప్పా. ముప్పై ఏళ్ళు నాట్లేసి, మిరపకాయలు కోసి, ఆ గీతలు అరిగిపోయినయ్. "అయితే కష్టం చేసినోళ్ళకే బియ్యం రావన్నమాట" అంది. టీచరునే, జవాబు చెప్పలేకపోయా.

ఇప్పుడు నేను పనిచేసే బళ్ళో కంప్యూటరు గది తాళంచెవి అడిగి తీసుకున్నా. పోటీకి ఎవరూ రాలేదు లెండి. మొదటి క్లాసులో బోర్డు మీద బొమ్మలు వెయ్యను. అందరూ వచ్చి మౌసు పట్టుకోవాల్సిందే. పల్లె పిల్లలు ముందు కూర్చుంటారు. దీని మీద స్టాఫు రూములో ఒకరిద్దరు గొణిగారు. గొణగనీ.

ర్యామ్ అంటే పలక, హార్డ్‌డిస్కు అంటే నోటుపుస్తకం అని చెప్తా. కరెంటు పోతే పలక మీది రాత చెరిగిపోద్ది, పుస్తకంలోది ఉంటది. ఎనిమిది బిట్లు ఒక బైటు. "అమ్మ" అని కొడితే అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. పిల్లలు వేళ్ళ మీద లెక్కేసుకుంటారు.

మొన్న ఏడో తరగతి పిల్ల ఒకతి వాళ్ళమ్మ పేరు కొడుతోంది. వాళ్ళమ్మ కూలికి పోద్ది, సంతకం రాదు. ఒత్తు దగ్గర తడబడి, చెరిపి, మళ్ళీ కొట్టి, అయిందనుకునేసరికి కరెంటు పోయింది. పిల్ల మొహం చిన్నబోయింది. "టీచర్, పలక చెరిగింది" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. అందరం నవ్వాం.

కరెంటొచ్చాక మళ్ళీ మొదటినుంచీ కొట్టింది. ఈసారి నేను చెప్పకముందే కంట్రోలు, ఎస్ నొక్కింది.

ఆ గదిలో రెండు కంప్యూటర్లు ఇంకా ఆన్ కావడం లేదు. మెకానిక్కుని ఆదివారం రమ్మన్నా.