వెనుక చక్రపు బ్రేకు

మొన్నటి వేసవి సెలవులలో మేము కుటుంబముతో రాజమహేంద్రవరమునుండి మారేడుమిల్లి మీదుగా చింతూరునకు పోవ నిశ్చయించుకొంటిమి. ఆ త్రోవలో ఘాట్ రోడ్డు కలదు. ఎక్కుటకు ఇంజను చాలును గాని దిగుటకు బ్రేకులు కావలెను. ప్రయాణమునకు వారము ముందు, బ్రేకు త్రొక్కినప్పుడెల్ల మా కారు వెనుక నెడమ చక్రమునుండి పలకపై గోరు గీచినట్లు సన్నని కీచుధ్వని వినవచ్చెను. రెండు నెలల క్రిందటనే ఒక మరమ్మతుశాలవారు బండిని పరీక్షించి, కాగితముపై బ్రేకులు అను మాట కెదురుగా సరియని గుర్తు పెట్టి యిచ్చియుండిరి. నేనును దాని క్రింద సంతకము చేసితిని. చూడకయే చేసితినని వేరుగ చెప్పనక్కఱలేదు.

నేను బడిపంతులను. సంస్కృతమును ఇంగ్లీషును చదువుకొన్నవాడను. ఘర్షణమను పదము ఘృష్ ధాతువునుండి యెట్లు పుట్టినదో 20 ఏండ్లుగా పిల్లలకు చెప్పుచున్నాను. ఆ ఘర్షణమే నా భార్యాబిడ్డలను ప్రతిదినము కాపాడుచుండగా, అది జరుగు చోటును 46 ఏండ్ల వయస్సువఱకు ఒక్కమారైనను కన్నులార చూచి యెఱుగను. చదువుకొన్న మనవారి చదువు చాలవఱకు ఇట్టిదే. పానా పట్టినవానిని ఏకవచనముతో పిలుచుటకు మాత్రము మనకే గురువును అక్కఱలేదు.

ఈమారు నేనే విప్పి చూతుననుకొంటిని. పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి కారుతో వచ్చిన పుస్తకము పట్టుకొని ప్రక్కన కూర్చుండెను. అరుగుమీదనుండి మా అమ్మ, "నీకు బుద్ధి లేకపోతే లేకపోయె, ఆడపిల్ల చేతులకు ఆ మసి ఎందుకురా?" అనెను. ఎదురింటి మిత్రులు గోడమీదుగా తొంగిచూచి, "పంతులుగారూ, అయిదువందలు పారేస్తే వాడే వచ్చి చేసిపోతాడు గదా!" అనిరి. వాడు అను ఆ మాట అంతకుముందు నేను పెక్కుమారు లన్నదే గాని, ఆనాడు చెవికి గ్రుచ్చుకొనెను.

మన దేశమందలి చిన్నకార్లలో పెక్కింటికి వెనుక డ్రమ్ము బ్రేకులే యుండును. మా బండికి వెనుకను డిస్కులే. వెనుక బ్రేకు పనిలో మొదటి చిక్కు హ్యాండ్ బ్రేకు. మా బండిలో అది పట్టునది వెనుక చక్రములనే. వదలనిదే పని సాగదు. వదలినచో బండి దొర్లును. అందుచేత ముందు చక్రములకు రెండువైపుల దిమ్మలు పెట్టి, గేరు వేసి, నట్లను కొంచెము వదులుచేసి, జాకీతో లేపితిమి. జాకీని నమ్మరాదు గనుక క్రింద ఇనుప స్టాండు నిలిపితిమి.

కాలిపర్ తొలగించి చూతుముగదా, వెలుపలి ప్యాడు అయిదు మిల్లీమీటర్ల మందము మిగిలియున్నది. లోపలిది రెండు మిల్లీమీటర్లైనను లేదు. 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్చవలెనందురు. కాలిపర్ అటునిటు జరుగుటకు ఆధారమైన పిన్ను తుప్పుపట్టి బిగుసుకొనియుండెను. కాలిపర్ కదలకున్నచో పిస్టను త్రోయు లోపలి ప్యాడే యెక్కువగ రాచుకొని యరిగిపోవును. కీచుమన్నది ఆ ప్యాడునకు అమర్చిన చిన్న రేకు. మరమ్మతుశాలలో చూచినతడు చక్రపు సందులోనుండి కనబడు వెలుపలి ప్యాడును చూచి గుర్తు పెట్టియుండును. అతడు అబద్ధ మాడెనని నే ననజాలను.

మసిని ఊదక తడిగుడ్డతో తుడిచితిమి. పూర్వము ప్యాడులలో ఆస్‌బెస్టాస్ కలిపెడివారు. నేటి దుమ్మైనను పీల్చదగినది కాదు. పిన్నుకు తుప్పు తీసి గ్రీజు రాచితిమి. పిమ్మట పిస్టనును వెనుకకు త్రోయవలసివచ్చెను. ముందు చక్రముల పిస్టను నొక్కిన చాలును. మాబోటి బండ్ల వెనుక పిస్టను హ్యాండ్ బ్రేకు మరతో కూడినది గనుక త్రిప్పుచు నొక్కవలెను. మీటతో, మోటారుతో పట్టు క్రొత్తరకపు హ్యాండ్ బ్రేకులకు పద్ధతి వేఱు. వానిని ముందుగ మరమ్మతు స్థితిలో పెట్టనిదే ముట్టరాదు. "త్రిప్పాలని రాశారు, నాన్నగారూ" అని మా అమ్మాయి రెండుమారులు చెప్పెను. నేను వినక పావుగంట నొక్కి చెమట కార్చితిని. మూడవమారు ఆ పిల్ల పనిముట్టు నా చేతినుండి తీసికొని కుడివైపునకు త్రిప్పెను. పిస్టను మెల్లగ లోనికి పోయెను.

అలసట తీర్చుకొనుచు నేను వారికి బెర్తా బెంజి కథ చెప్పితిని. 1888వ సంవత్సరమున ఈమె తన భర్తయగు కార్ల్ బెంజి చేసిన బండిపై ఇద్దరు కుమారులతో జర్మనీలోని మాన్‌హైమునుండి ఫోర్ట్‌స్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. భర్తకు ముందు చెప్పనైనను లేదు. పల్లములు దిగుచుండగా బ్రేకు దిమ్మలు అరిగిపోయెను. అంతట నామె దారిలో నొక చర్మకారునిచేత వానికి తోలు కొట్టించెను. మా చేతిలోని ప్యాడునకు పూర్వరూపమదియే. ఒక యిల్లాలి యూహ, ఒక చర్మకారుని సుత్తి. మనము ఎవరిని ఎచ్చట కూర్చుండబెట్టుదుమో వారే.

"మొగుడితో చెప్పకుండానా?" అనెను మా అమ్మ.

"పుట్టింటికే వెళ్లింది, నాయనమ్మా."

"పుట్టింటికైతే సరే."

ఇరుప్రక్కల పట్టు సమముగ నుండవలెను గనుక కుడి చక్రమునకును క్రొత్తవి వేసి, నట్లు బిగించి, సాయంకాలమునకు బండిని దింపితిమి. నేను గర్వముతో లోపల కూర్చుండి తాళము త్రిప్పి, గేరు వేయబోతిని. గేటు వెలుపల ఎదురింటి పిల్లలు బంతాట లాడుచుండిరి.

"నాన్నగారూ, ఆగండి. ముందు పెడల్ తొక్కాలట."

త్రొక్కితిని. ఏ యడ్డును లేక నేలవఱకు పోయెను. వెనుకకు త్రోసిన పిస్టనులకును ప్యాడులకును నడుమ ఖాళీ యుండుటచే, మొదటి త్రొక్కుడులోని బ్రేక్ ఆయిలంతయు దానిని నింపుటకే సరిపోవును. మూడవమారునకు కొంత బిగిసెను, ఆఱవమారునకు గట్టిపడెను. ఇంజను ఆపివేసి నేను కొంతసేపు అట్లే కూర్చుండిపోయితిని. పిల్లల బంతి వచ్చి మా గేటునకు తగిలెను.

దిగి చూచునప్పటికి మా అమ్మ అరుగుమీద మనుమరాలి చేతులకు కొబ్బరినూనె రాచి, పాతగుడ్డతో మసి తుడుచుచుండెను.

ప్రయాణము నాటి ఉదయము సామానంతయు సర్దుకొని బయలుదేరబోవుచుండగా, వెనుక సీటునుండి మా అమ్మ, "ఒరే, ముందు పెడల్ తొక్కి చూడు" అనెను.