తెగిన పోగు

పూర్వకాలపు పనిముట్టు పాడైతే ఆ లోపం కంటికి కనిపించేది. నాగలి కర్రు అరిగితే రైతుకు తెలిసేది. బండి ఇరుసు విరిగితే దారిన పోయేవాడికి కూడా తెలిసేది. మగ్గం మీద పోగు తెగితే నేతగాని వేలికి అందేది. ఈనాడు మన ఇళ్లలోకి వచ్చిన కంప్యూటరు మొరాయించినప్పుడు మాత్రం మన ఎదుట మిగిలేది నల్లని తెర ఒక్కటే. లోపం ఎక్కడుందో ఆ తెర చెప్పదు. అటువంటి సమయంలో భయపడిన మనిషికి రెండే దారులు తోస్తాయి. అంతా పోయిందని కూలబడడం ఒకటి, ఉన్నదంతా తుడిచివేసి మళ్లీ మొదలుపెట్టడం మరొకటి. ఈ రెండింటి నడుమ మూడవ దారి ఒకటి ఉన్నది. ఏది తెగిందో ఓపికగా వెదకి, తెగినదానినే అతకడం. ఆ దారి విలువను నేను మా నాన్నగారి ల్యాప్‌టాప్ వలన తెలుసుకున్నాను.

మాది పోచంపల్లి ప్రాంతంలోని నేత కుటుంబం. నాన్నగారు యౌవనంలో మగ్గం మీద కూర్చున్నారు. తరువాత బడిపంతులై ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పారు. ఉద్యోగ విరమణ చేసిన నాటి నుండి నేతపనివారి మాటలను సేకరించడమే ఆయన నిత్యకృత్యమైంది. పడుగు, పేక, నాడె, కండె వంటి మాటలు నిఘంటువులలో దొరుకుతాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1971లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం రెండవ సంపుటం చేనేత పదాలకే అంకితమైనది. నాన్నగారు ఆ గ్రంథాన్ని గురువుగా భావించి, మా చుట్టుపక్కల ఊళ్లలో ముసలివారి నోట ఇంకా మిగిలిన మాటలను వెదుక్కుంటూ తిరిగారు. తొమ్మిది సంవత్సరాలలో సుమారు 2,000 మాటలు చేరాయి. ప్రతి మాటకు అర్థం, ఆ మాట చెప్పినవారి ఊరు, వీలైన చోట వారి కంఠస్వరం కూడా ఆ ల్యాప్‌టాప్‌లో ఉండేవి.

ఆయన తొందరకు ఒక కారణం ఉన్నది. మా వైపు చీర నేయడానికి ముందు ‘ఆసు పోయడం’ అనే పని ఉంటుంది. కొయ్యకుచ్చుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ వేలసార్లు తిప్పాలి. ఆ పని చేసే స్త్రీల భుజాలు సాయంత్రానికి పీకేవి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూడలేక ఆసు యంత్రాన్ని రూపొందించారు. ఆయనకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. యంత్రం వచ్చిన ఇళ్లలో భుజాల నొప్పి తగ్గింది. అది ఎంతో మేలు. కాని చేతితో చేసినప్పుడు పుట్టిన మాటలు చేతిపనితోపాటే నెమ్మదిగా మూగబోతున్నాయి. ఆ మాటలు చెప్పిన వృద్ధులలో ముగ్గురు ఇప్పుడు లేరు. వారి గొంతులు ఆ పెట్టెలోనే ఉన్నాయి. సంక్రాంతి నాటి ప్రతి ఒకటి మా అన్నయ్య వద్ద ఉన్నది కాని, ఆ తరువాత ఐదు నెలల సేకరణ ల్యాప్‌టాప్‌లో తప్ప మరెక్కడా లేదు.

జూన్ నెలలో ఒకనాటి సాయంత్రం ఆ యంత్రంలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త సంచిక వచ్చింది. అది లినక్స్ మీద ఆధారపడిన ఉచిత వ్యవస్థ. యంత్రం దానిని దించుకొన్నది, అమర్చుకొన్నది, ఒకసారి ఆగి మళ్లీ ప్రారంభమవుతానన్నది. ఆగింది కాని ప్రారంభం కాలేదు. నల్లని తెర మీద నాలుగైదు తెల్లని వాక్యాలు కనిపించి అక్కడే నిలిచిపోయాయి. మరునాడు పట్టణంలోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లాము. అక్కడి కుర్రవాడు రెండు నిమిషాలు చూసి, “ఫార్మాట్ చేసి కొత్తగా వేస్తే గంటలో నడుస్తుంది మేడం. లోపల ఉన్నవి మాత్రం పోతాయి” అన్నాడు. అతడు అబద్ధం చెప్పలేదు. రోజుకు పది యంత్రాలు చూసేవానికి అది దగ్గరి దారి. కాని యంత్రాన్ని నడిపించడం వేరు, యంత్రంలో ఉన్నదానిని నిలుపుకోవడం వేరు. మాకు కావలసినది రెండవది.

నాన్నగారు ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకొని లేచారు. దారిలో నన్ను ఒకే మాట అడిగారు. “ఒక్క పోగు తెగితే పడుగంత కోసేస్తమా బిడ్డా? ఏ పోగు తెగిందో ముందు చూడు.”

నేను గణితం బోధించేదానను, యంత్రాల వైద్యురాలిని కాను. అయినా ఆ మాట నాకు సరియైన ప్రశ్నను అందించింది. తెగిన చోటు తెలియాలంటే ముందు అల్లిక తెలియాలి. కంప్యూటరు ఎట్లా మేలుకొంటుందో తెలిస్తే, అది ఏ మెట్టు వద్ద ఆగిందో తెలుస్తుంది.

కంప్యూటరు మేల్కొనడాన్ని ఇంగ్లీషులో ‘బూట్’ అంటారు. తన బూటు పట్టీలను తానే పట్టుకొని తనను తాను పైకి లేపుకోవడం అనే చమత్కారపు మాట నుండి ఆ పేరు వచ్చింది. ఆ చమత్కారంలో ఒక చిక్కు దాగి ఉన్నది. డిస్కులో ఉన్న ప్రోగ్రామును చదవాలంటే, చదవడం తెలిసిన ప్రోగ్రాము ఒకటి ముందే మేలుకొని ఉండాలి. అందుకే ఆ పని మెట్లుమెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టు యంత్రపు పలక మీదనే ఉండే చిన్న ప్రోగ్రాము. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో దానిని బయోస్ అన్నారు. ఈనాటి యంత్రాలలో దాని స్థానాన్ని యు.ఇ.ఎఫ్.ఐ. ఆక్రమించింది. అది జ్ఞాపకశక్తిని, మీటలను, డిస్కును తడిమి చూస్తుంది. రెండవ మెట్టు బూట్ లోడర్. అది డిస్కు నుండి ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ వంటి కెర్నెల్‌ను తెచ్చి మెమరీలో ఉంచుతుంది. లినక్స్ కెర్నెల్‌ను 1991లో లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటిసారి విడుదల చేశాడు. కెర్నెల్ వెంట ఒక చిన్న సామగ్రి మూట కూడా వస్తుంది. డిస్కు తలుపు తెరవడానికి కావలసిన తాళపుచెవులు ఆ మూటలో ఉంటాయి. మూడవ మెట్టులో కెర్నెల్ ఆ తాళపుచెవులతో తలుపు తెరుస్తుంది. నాలుగవ మెట్టులో మనకు తెలిసిన తెర, మన ఫైళ్లు కనిపిస్తాయి.

ఇంటికి వచ్చి మళ్లీ మీట నొక్కి శ్రద్ధగా చూశాము. తయారీదారు చిహ్నం కనిపించింది. కాబట్టి మొదటి మెట్టు క్షేమం. లోడర్ జాబితా కనిపించింది. రెండవది కూడా క్షేమం. ఆ తరువాత వచ్చిన తెల్లని వాక్యాలను కాగితం మీద రాసుకొని, నిదానంగా చదివాము. మూల ఫైళ్లు ఉన్న భాగాన్ని తెరవలేకపోయానని కెర్నెల్ చెబుతున్నది. అంటే ప్రయాణం మూడవ మెట్టు వద్ద ఆగింది. నాన్నగారి 2,000 మాటలు తలుపు వెనుక ఉండి ఉండవచ్చు. తాళపుచెవి మాత్రమే కరువైనదేమో అనిపించింది.

అయినా వెంటనే మరమ్మతుకు పూనుకోలేదు. వరద వచ్చినప్పుడు ముందు మనుషులను, పశువులను గట్టెక్కించి, తరువాత గోడలు చూసుకుంటారు. మేమూ అదే వరుస పాటించాము. నా కంప్యూటరు మీద 8 జి.బి. పెన్‌డ్రైవ్‌లో పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌ను సిద్ధం చేశాను. యంత్రం మేలుకొనేటప్పుడు దానికి కేటాయించిన మీట నొక్కితే, డిస్కు నుండి కాక పెన్‌డ్రైవ్ నుండి ప్రారంభం కమ్మని చెప్పవచ్చు. అప్పుడు తెర మీద రెండు అవకాశాలు కనిపిస్తాయి. ఒకటి ‘ప్రయత్నించు’, రెండవది ‘స్థాపించు’. స్థాపించమంటే పాతదాని మీద కొత్తది కూర్చుంటుంది. ప్రయత్నించమంటే డిస్కు జోలికి పోకుండా మెమరీలోనే పనిచేస్తుంది. మేము మొదటిదానిని ఎంచుకున్నాము.

డిస్కు తన ఆరోగ్యాన్ని గురించి తానే నమోదు చేసుకొనే వివరాలను ముందు చూశాము. అందులో లోపమేమీ లేదు. తరువాత నాన్నగారి ఫైళ్లున్న భాగాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేట్లు, ఏమీ రాయడానికి వీలులేనట్లు తెరిచాను. పేర్ల వరుస కనిపించింది. నాన్నగారు కళ్లద్దాలు సవరించుకొని, వేలితో తెర మీద ఒక పేరు చూపించారు. దానిని నొక్కితే ఒక వృద్ధురాలి కంఠం వినిపించింది. ఆసు పోసేటప్పుడు దారం చిక్కుపడితే తమ అమ్మ ఏమనేదో ఆమె నవ్వుతూ చెబుతున్నది. ఆమె ఆ ఏడు ఉగాది తరువాత కాలం చేసింది. నాన్నగారు చివరిదాకా విని, “ఇది ముందు తీయి బిడ్డా” అన్నారు. అన్నింటినీ విడిగా ఒక బయటి డిస్కులోకి నకలు చేయడానికి దాదాపు గంటన్నర పట్టింది. నకలు పూర్తయిన తరువాత కొన్ని ఫైళ్లను తెరిచి, అవి సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాము. అప్పటికి రాత్రి పదకొండు గంటలు.

ఇక తెగిన పోగు. బూట్‌కు సంబంధించిన ఫైళ్లు డిస్కులో ఒక చిన్న ప్రత్యేక భాగంలో ఉన్నాయి. ఆ ల్యాప్‌టాప్ మాకు ఇతరుల వద్ద నుండి వచ్చినది. మా చేతికి రాకముందే ఎవరో ఆ భాగాన్ని మిక్కిలి ఇరుకుగా ఏర్పాటు చేశారు. పాత కెర్నెల్‌లు, వాటి మూటలు అందులో నిండి ఉన్నాయి. కొత్త కెర్నెల్ ఎట్లాగో చోటు చేసుకొన్నది కాని, దాని సామగ్రి మూట పూర్తిగా రాయబడేలోగా స్థలం అయిపోయింది. తాళపుచెవులు లేకుండా తలుపు వద్దకు వచ్చిన మనిషి గతే దానికి పట్టింది.

వైద్యం తేలికయింది. ఇటువంటి వ్యవస్థలు కొత్త కెర్నెల్‌ను చేర్చినప్పుడు పాతదానిని వెంటనే తొలగించవు. లోడర్ జాబితాలోని అదనపు ఎంపికలలో ముందటి కెర్నెల్ పేరు ఉన్నది. దానిని ఎంచుకొనగానే యంత్రం మేలుకొన్నది. అక్కరలేని పాత కెర్నెల్‌లను పద్ధతి ప్రకారం తొలగించి, నడుస్తున్నదానిని అట్లాగే ఉంచి, కొత్తదాని మూటను మళ్లీ కట్టమని ఆజ్ఞ ఇచ్చాము. ఈసారి స్థలం చాలింది. తిరిగి ప్రారంభిస్తే కొత్త సంచిక తన అంతట తానే తెరుచుకొన్నది. తొమ్మిదేళ్ల శ్రమను తుడిచివేయవలసినంత పెద్దదిగా కనిపించిన జబ్బు, చివరకు అసంపూర్ణమైన ఒక్క ఫైలు.

లోకంలో జరిగిన పెద్ద ఉపద్రవమొకటి కూడా ఇటువంటిదే. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన నవీకరణ వలన ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాలు నిలిచిపోయాయి, ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికునికి బోర్డింగ్ పాసును చేతితో రాసి ఇచ్చారు. అంతటి కల్లోలానికి చికిత్స ఏమిటి? యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో ప్రారంభించి, లోపమున్న ఒక ఫైలును తొలగించడం. చాలాచోట్ల సిబ్బంది ఒక్కొక్క యంత్రం ముందు కూర్చొని, చేతితో ఆ పని చేయవలసి వచ్చింది. ఏ ఫైలు తీయాలో తెలిసినందువలననే అన్ని లక్షల యంత్రాలలోని సమాచారాన్ని తుడిచివేయవలసిన అవసరం కలగలేదు.

విద్యార్థులు వాడే వ్యవస్థ ఏదైనా ఈ వరుస మారదు. విండోస్ యంత్రం వరుసగా కొన్నిసార్లు ప్రారంభం కాకపోతే, మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. అందులో చివరిగా వచ్చిన నవీకరణను తీసివేసే వీలు ఉంటుంది. కొత్త సంచికకు మారిన తరువాత సాధారణంగా పది రోజులలోగా పాత సంచికకు మరలవచ్చు. డిస్కుకు రహస్య తాళం వేసి ఉంటే, దాని పునరుద్ధరణ సంఖ్యను ముందుగానే వేరొక చోట భద్రపరచుకోవాలి. ఆ సంఖ్య లేకపోతే పెన్‌డ్రైవ్ కూడా తలుపు తెరవలేదు. యంత్రం చెప్పిన మాటను రాసుకోవడం, ఉన్నదానిని ముందు గట్టెక్కించడం, ఏ మెట్టు వద్ద ఆగిందో తేల్చడం, ఆ మెట్టును మాత్రమే సవరించడం, ఇవే ముఖ్యమైన పనులు. తుడిచివేయడమనేది చిట్టచివరి మార్గం. నకలు చేతికి వచ్చిన తరువాత మాత్రమే దానిని ఆలోచించాలి.

చదువులోనూ ఈ మాట వర్తిస్తుందని ఉపాధ్యాయురాలిగా నాకు తోస్తుంది. ఒక లెక్క రాని విద్యార్థి నాకు గణితమే రాదని అంటాడు. అతడిని ప్రశ్నిస్తూ వెనుకకు వెళితే, ఎప్పుడో ఎనిమిదవ తరగతిలో భిన్నాల వద్ద ఒక మెట్టు తప్పినట్లు తెలుస్తుంది. ఆ మెట్టును సరిచేస్తే పై మెట్లన్నీ అతడివే. నేతగాడు మగ్గం ఎదుట తలవంచి కూర్చొని, వందల పోగుల నడుమ తెగిన దానిని వేలికొసతో వెదకి ముడివేస్తాడు. చీర పూర్తయ్యాక ఆ ముడి ఎవరికీ కనిపించదు. కాని ఆ చీర నిలిచేది ఆ ముడి మీదనే.