మన పాప ఓవరు ఎప్పుడు?

కడప నుంచి తాడిపత్రి రోడ్డు పట్టుకుని పాతిక కిలోమీటర్లు వస్తే పాపాఘ్ని ఎదురవుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లకంటే ఇసుకే కనిపించే ఏరు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2021 నవంబరు వరదల్లో ఇక్కడి వంతెననే కూల్చేసింది. ఏరు దాటితే కమలాపురం. ఇంకాస్త దూరం పోయి పాపాఘ్ని పెన్నలో కలిసిపోతుంది.

ఊళ్లోకి అడుగుపెడితే దర్గా, బజారు, మండలాఫీసులు, ముంబయి-చెన్నై మార్గంలో ఎర్రగుంట్లకూ కడపకూ నడుమ ఓ రైల్వేస్టేషను. చూడటానికి మిగతా ఊళ్ల లాంటి ఊరే. కానీ సాయంత్రం ఆరింటికి ఏదో ఒక టీ అంగడి ముందు నిలబడండి. బొరుగులూ మిరపకాయ బజ్జీల పొట్లం చేతిలో పట్టుకుని నలుగురు నిలబడ్డారంటే, అక్కడ వాదన మొదలైందన్నమాటే.

వాదించడం ఇక్కడ కొత్త కాదు. ఉరుసుకో తిరునాళ్లకో బండలాగుడు పోటీలు పెడితే, పాలపళ్ల గిత్తల దగ్గర్నుంచి సీనియర్స్ దాకా ఒక్కో జత మీద ఒక్కో గంట చర్చ. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నది కొలిచి చెప్పేస్తారు కాబట్టి ఎవరు గెలిచారన్న దానిమీద పేచీ ఉండదు. పేచీ అంతా ఎందుకు గెలిచారన్న దానిమీదే. వలపటెద్దు బలమా, దాపటెద్దు ఓపికా, పక్కనుండి అదిలించినవాడి తెలివా... ఇది తేలేది కాదు. తేలకపోవడమే అందులో రుచి. అదే నాలుక క్రికెట్టుకూ అలవాటైంది. ధోనీ ముందు దిగాల్సిందా, కోహ్లీ ఆ బంతిని వదిలేయాల్సిందా... టీవీలో ఆట అయిపోయాక ఇక్కడ రెండో ఆట మొదలయ్యేది.

ఆ కబుర్లలో ఆడవాళ్ల క్రికెట్టుకు చాలాకాలం చోటు లేదు. 2017లో లార్డ్స్‌లో ఫైనల్ జరిగినప్పుడు మిథాలీ సేన 3 వికెట్లకు 191 దాకా వెళ్లి, చివరికి 9 పరుగుల తేడాతో ఇంగ్లండ్ చేతిలో ఓడింది. అయ్యో అన్నారు. రెండు రోజులు బాధపడ్డారు. కానీ ఏ బౌలర్‌కు ఎన్ని ఓవర్లివ్వాలి, ఫీల్డర్ ఎక్కడుండాలి అని ఎవరూ గొంతు చించుకోలేదు. జాలిపడటం వేరు, వాదించడం వేరు. మనది అనుకున్న దానిమీదే మనిషి గొడవపడతాడు.

ఇప్పుడు గొడవపడుతున్నారు!

పక్క మండలం పాప

కమలాపురం నియోజకవర్గంలోనే ఉంది వీరపునాయునిపల్లె మండలం. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, వీఎన్ పల్లె అంటారు. ఆ మండలంలోని ఎర్రమల్లె నల్లపురెడ్డి శ్రీచరణి సొంతూరు. పుట్టింది 2004లో. ఇంటి దగ్గర మేనమామతో సరదాగా బ్యాటూ బంతీ పట్టిన పిల్ల. బడిలో మాత్రం పరుగుపందేలు, ఖోఖో, బ్యాడ్మింటన్. క్రికెట్టే ఆడతానంటే ఇంట్లో మొదట తటపటాయించారు. ఒప్పుకున్నాక కూడా దారి తిన్నగా లేదు. ముందు ఫాస్ట్ బౌలింగ్ వేసింది. వికెట్లు పడలేదు. స్పిన్‌కు మారింది. ఎడమచేతి వాటం కలిసొచ్చింది.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఒక్క ఏడాదిలోనే. మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ జట్టు 55 లక్షలకు తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో తొలి వన్డే. జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి టి20... ఇంగ్లండ్ మీద 12 పరుగులిచ్చి 4 వికెట్లు! ఆ అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో మొత్తం 10 వికెట్లు. అప్పటికి గానీ బజారులో చాలామందికి తెలియలేదు, ఈ పాప వీఎన్ పల్లె పాప అని.

తెలిసిన మరునాటి నుంచే అందరూ కోచ్‌లయ్యారు. "వెంకటపతిరాజు లెక్క గాల్లో బంతిని నిలబెట్టల్ల, అంత బిర్రుగా ఏస్తే ఎట్లప్పా" అని ఓ పెద్దాయన. "ఆ కాలం పోయ మామా. ఇప్పుడు నిలబెడితే స్టాండ్స్‌లోకి పోతాది" అని ఓ కుర్రాడు. మధ్యలో ఎద్దుల జత ఉన్న రైతొకాయన అందుకుని, "దాపట చెయ్యి గదా, దాని నడకే వేరు" అని తేల్చేశాడు. ఆయన ఆమెను మెచ్చుకున్నాడో, ఎద్దును మెచ్చుకున్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

మూడు ఓటములు, ముప్ఫై సలహాలు

2025 అక్టోబరులో ప్రపంచకప్ నడిచిన రోజుల్లో ఈ చర్చలు పరాకాష్ఠకు చేరాయి. కారణం గెలుపులు కాదు. వరసగా మూడు ఓటములు. 9న విశాఖలో దక్షిణాఫ్రికా చేతిలో. 12న అదే విశాఖలో 330 పరుగులు చేసి కూడా ఆస్ట్రేలియా చేతిలో. 19న ఇండోర్‌లో ఇంగ్లండ్ చేతిలో నాలుగే పరుగుల తేడాతో. ఓడినప్పుడే కదా ప్రతివాడూ సెలెక్టర్ అయ్యేది!

ఆస్ట్రేలియా మ్యాచ్ కథ ప్రత్యేకం. 142 కొట్టిన అలిస్సా హీలీని చివరికి ఔట్ చేసింది చరణే. 10 ఓవర్లు, 41 పరుగులు, 3 వికెట్లు. అందరినీ చితకబాదిన ఆటలో మనమ్మాయి ఒక్కతే నిలబడిందని ఒక వర్గం. "నిలబడితే ఓడినామెందుకు? ఆరో బౌలర్ లేకుండా దిగితే ఇట్లే అయితాది" అని ఇంకో వర్గం. తెలుగువాళ్లమ్మాయి అరుంధతీరెడ్డిని జట్టులో పెట్టుకుని ఒక్క మ్యాచ్‌లోనూ ఎందుకు దింపలేదన్నది మూడో పేచీ. దానికి జవాబు ఇప్పటికీ దొరకలేదు.

సెమీఫైనల్‌కు ముందు ప్రతికా రావల్ గాయపడటం, షెఫాలీ వర్మను పిలిపించడం, స్నేహ్ రాణాను పక్కనపెట్టి రాధా యాదవ్‌ను తీసుకోవడం... ప్రతి నిర్ణయానికీ ఇక్కడ ఒక కమిటీ కూర్చుంది. "షెఫాలీ ఉంటే అటో ఇటో" అన్నవాళ్లే అక్టోబరు 30 రాత్రి జెమీమా 127 కొట్టి 339 లక్ష్యాన్ని దాటించాక "మేం ముందే చెప్పినాం" అన్నారు. షెఫాలీ గురించి చెప్పి జెమీమా లెక్కలో వేసుకోవడం ఏమిటని అడగొద్దు. అభిమానుల లెక్కలు అట్లే ఉంటాయి.

గమనించాల్సింది ఒకటుంది. ఈ మాటల్లో ఎక్కడా 'ఆడపిల్ల అయినా బాగా ఆడింది' అన్న మెచ్చుకోలు లేదు. "లెంగ్త్ తప్పింది", "ఫ్లైట్ చాల్లేదు", "కెప్టెన్ ఆలస్యంగా పిలిచింది"... మగవాళ్ల ఆటకు వాడే మాటలే. బజ్జీలు వేసే ఆమె కూడా చిల్లర లెక్కపెడుతూ తలెత్తి, "మన పాప ఓవరు ఎప్పుడు?" అని అడుగుతోంది. ఒకప్పుడు ఆమె అంగడి ముందు క్రికెట్ వాదనలకు ఆమె ఉట్టి ప్రేక్షకురాలు.

ఆ ఆదివారం

నవంబరు 2. నవీ ముంబయిలో ఫైనల్. మూడింటికి మొదలవ్వాల్సిన ఆట వాన వల్ల అయిదింటికి మొదలైంది. అంటే అర్ధరాత్రి దాకా మేలుకోవాలి. సోమవారం బడి ఉన్న పిల్లల్ని పడుకోబెట్టడం ఏ తల్లి వల్లా కాలేదు. ఇళ్లలో టీవీలు, బయట అంగడి బల్లమీద నీళ్లచెంబుకు ఆనించిన సెల్‌ఫోను, దాని చుట్టూ పది తలకాయలు.

షెఫాలీ 87. దీప్తి 58. భారత్ 7 వికెట్లకు 298. 'అటో ఇటో' అన్న నోళ్లు మూతబడ్డాయి. దక్షిణాఫ్రికా బ్యాటింగ్‌లో అమన్‌జ్యోత్ నేరుగా విసిరిన బంతికి బ్రిట్స్ రనౌట్. తర్వాత శ్రీచరణి చేతికి బంతి వచ్చింది. అనెకె బాష్ ఎల్బీడబ్ల్యూ... సున్నాకే! ఆ ఒక్క క్షణం కమలాపురంలో ఎవరు ఎవరి భుజం మీద కొట్టారో లెక్కలేదు.

కానీ కెప్టెన్ వోల్వార్ట్ కదల్లేదు. హర్మన్‌ప్రీత్ తీసుకొచ్చి షెఫాలీకి బంతి ఇచ్చింది. "ఇదేం పిచ్చి? మన పాప ఉండంగా ఆ పాపకెందుకు?" అని ఒకాయన లేచి నిలబడ్డాడు. షెఫాలీ లూస్‌ను ఔట్ చేసింది. తర్వాత కాప్‌ను కూడా. లేచినాయన నిదానంగా కూర్చున్నాడు. వోల్వార్ట్ సెంచరీ కొట్టాక గాల్లోకి లేపిన బంతి అమన్‌జ్యోత్ చేతుల్లో ఒకసారి జారి, రెండుసార్లు జారి, చివరికి నిలిచేదాకా ఊపిరి పీల్చినవాళ్లు లేరు. చివరి క్యాచ్ హర్మన్‌ప్రీత్‌ది. దీప్తికి అయిదో వికెట్. 52 పరుగుల తేడాతో కప్పు మనది.

టపాకాయలు పేలాయి. టోర్నీ మొత్తంలో చరణివి 14 వికెట్లు, మన జట్టులో దీప్తి 22 తర్వాత ఇవే ఎక్కువ. ఆ నెలలోనే రాష్ట్రప్రభుత్వం రెండున్నర కోట్లు, కడపలో ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. నెలాఖరు వేలంలో ఢిల్లీ జట్టు 1.3 కోట్లకు మళ్లీ తీసుకుంది. దీప్తికి మాత్రం 3.2 కోట్లు. ఇక చూడండి... "22కు మూడుకోట్ల ఇరవై లక్షలైతే 14కు రెండుకోట్లు రావల్ల గదా" అని త్రైరాశికాలు. "దీప్తి 215 పరుగులు కూడా చేసినాది, అది ఎవురు కలుపుతారు?" అని ఎదురు లెక్కలు.

అసలు ఆ రాత్రే, కప్పు గెలిచిన పావుగంటకే ఈ వాదన మొదలైపోయింది. ఫోను తెరమీద ఇంకా అమ్మాయిలు ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తూనే ఉన్నారు. అంగడాయన షట్టర్ సగం దించాడు. స్కోరుకార్డు చూస్తున్న కుర్రాడు చదివాడు: శ్రీచరణి, 9 ఓవర్లు, 48 పరుగులు, 1 వికెట్.

"తొమ్మిదేనా? పదో ఓవరు యాల ఇయ్యల్యా?" అన్నాడు ఇందాక లేచి కూర్చున్న పెద్దాయన.

"ఆట 45.3 ఓవర్లకే అయిపాయె గదా చిన్నాయనా!"

"అయితే దీప్తికి బదులు ముందే ఈ పాపకు ఇచ్చింటే..."

అంగడాయన షట్టర్ మళ్లీ పైకెత్తి, పొయ్యిమీద పాలగిన్నె పెట్టాడు.