పద్యం వినబడితే... కార్డు ఎగిరిపోద్ది!

బొమ్మల కథ చదివి ఓ ఆట నేర్చుకోవచ్చు. అదే కథను తెరమీద చూస్తే ఆ ఆట వినిపిస్తుంది కూడా. రెండూ చూసినవాళ్లు వెతుక్కుంటూ వెళ్లే ఊరు... జపాన్‌లోని ఒత్సు!

క్యోటో పక్కనే, జపాన్‌లోకెల్లా పెద్దదైన బివా సరస్సు ఒడ్డున ఉంటుంది ఒత్సు. అక్కడ చెట్ల నీడన మెట్లెక్కితే ఎర్రటి ద్వారం, దాని వెనక ఓమీ జింగూ ఆలయం. 1940లో కట్టారు. 667లో రాజధానిని ఈ ప్రాంతానికి తెచ్చిన తెంజి చక్రవర్తే ఇక్కడి దైవం. నీటి గడియారంతో ప్రజలకు వేళ తెలియజేసింది ఆయనేనని చెబుతారు. అందుకే ఆవరణలో గడియారాల మ్యూజియమూ ఉంది. కుర్రకారు వచ్చేది మాత్రం కరుత కోసం!

మనకు శతకాలున్నట్టే జపాన్‌వాళ్లకు ‘హ్యాకునిన్ ఇష్షు’ ఉంది. మన శతకం ఒక్క కవిదైతే ఇది వందమంది కవులది, తలా ఒక్క పద్యం. అందులో మొదటిది తెంజి చక్రవర్తిదే. ఆ పద్యాలతో ఆడేదే కరుత. అందుకే ఏటా జనవరిలో మెయిజిన్, క్వీన్ బిరుదుల పోటీలూ, వేసవిలో హైస్కూలు జట్ల పోటీలూ ఈ ఆలయంలోనే జరుగుతాయి.

ఎలా ఆడతారంటే...

వంద కార్డుల్లో యాభై తీసి చెరి పాతిక పరుచుకుంటారు. ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి పావుగంట సమయం. కార్డు మీద ఉండేది పద్యం రెండో సగమే. మొదటి సగం చదవడం మొదలెట్టగానే కార్డును కొట్టాలి. ఏడు పద్యాలకైతే తొలి అక్షరం వింటే చాలు! ఎదుటివారి వైపున్న కార్డు గెలిస్తే మన కార్డొకటి వాళ్లకు పంపొచ్చు. ముందు ఎవరివి ఖాళీ అయితే వాళ్లే విజేత. చిక్కేంటంటే, పరచని యాభై పద్యాలూ మధ్యలో చదువుతారు. అప్పుడు తొందరపడి చెయ్యేస్తే అవతలివారి కార్డొకటి మన నెత్తిన పడుతుంది.

ఈ నియమాలను ఎందరికో నేర్పింది యూకి సుయెత్సుగు మాంగా ‘చిహయాఫురు’. 2007లో మొదలై 2022లో, 50 సంపుటాలతో ముగిసింది. క్వీన్ కావాలని కలగనే చిహయా అనే అమ్మాయి కథ ఇది. మాంగాలో పేజీ దగ్గర ఆగి, ఏ కార్డు ఎక్కడుందో తీరిగ్గా చూసుకోవచ్చు. కానీ ఈ ఆటకు ప్రాణం చెవి. కాగితం మీద పద్యమంతా ఒక్కసారే కనిపిస్తుంది. ఆటలో ఒక్కో అక్షరమే చెవిన పడుతుంది.

ఆ లోటు తీర్చింది 2011లో మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసిన యానిమే. ముందు పద్యం చివరి పాదాలు, ఓ క్షణం నిశ్శబ్దం, ఆపై కొత్త పద్యం... అంతలోనే కార్డు గాల్లోకి! ఆ నిశ్శబ్దంలో ఊపిరి బిగబట్టినవారికి నియమం విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే మూడో సీజన్‌తో 2020లో యానిమే ఆగింది. చిహయా క్వీన్ పోరు మాంగాలోనే ఉంది. ఆట వినాలంటే యానిమే, కథ చివరిదాకా తెలియాలంటే మాంగా!

క్యోటో నుంచి కోసెయి లైన్ రైల్లో ఒత్సుక్యో పది నిమిషాల ప్రయాణం. అక్కడ కెయిహాన్ రైలు మారితే ఒక్క స్టేషనే. పోటీలప్పుడు వెళ్తే మాత్రం అడుగుల చప్పుడైనా కానివ్వకండి. లోపల తొలి అక్షరం కోసం ఒకరు చెవులు రిక్కించి కూర్చునుంటారు!