కచ్చా రంగు

అబ్బా ఇంతెఖాల్ అయిన ఏడాదే ఆపా నికాహ్. కొత్తది కొనే హైసియత్ లేక, అబ్బా ఎప్పుడో తెచ్చిన తెల్ల దుపట్టానే అమ్మీ దేగ్చీలో వేసి, ఉప్పూ ఆకుపచ్చ రంగూ కలిపి గంటసేపు మరిగించింది. జాడిస్తే రంగంతా నీళ్లపాలైంది. అంచు కుట్టిన నూలుదారం మాత్రం పచ్చబడింది.

రంగ్రేజ్ చాచా వేళ్లతో నలిపి చూశాడు. "పాలిస్టర్ బేటా, నీళ్లంటే దీనికి పడదు. డిస్పర్స్ రంగు కావాలి. అదీ మామూలుగా మరిగిస్తే లేతగానే ఎక్కుతుంది. మిల్లుల్లో మూత బిగించి 130 డిగ్రీల దాకా కాగబెడతారు. ఆ వేడికి పోగు వదులై రంగుని లోపలికి రానిస్తుంది. చల్లారిందా, పక్కా!"

అమ్మీకి చెప్పాను. "ఇంత జిద్దీ బట్టని మీ అబ్బా ఏరి ఏరి తెచ్చారు" అని నవ్వింది, చాలా రోజులకు. నికాహ్ రోజు ఆ పచ్చ కుట్టు తెల్ల దుపట్టానే కప్పుకుంది.